ఎక్కడా దొరకని గొట్టం

…అయినా, లేనిదానికి రూపం ఇవ్వడం అబద్ధమేనా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూంటాను. నేను ఒక బొమ్మను. అంకుడు కర్ర పూసలను మందపాటి ఇత్తడి తీగలతో కలిపి చేసిన, జానెడు పొడవున్న ఎర్రటి గొట్టాన్ని. నాలో ఒక్కో పూస ఒక్కో పరమాణువు. నేను దేనికి నమూనానో ఆ అసలు గొట్టాన్ని ఎవరూ చూడలేదు. వెంట్రుక మందంలో లక్షో వంతు ఎంతో, అది అంత సన్నం. బోరాన్ పరమాణువులు అలా చుట్టుకుంటే వాటి గుండా కరెంటు అడ్డులేకుండా పారుతుందని ప్రొఫెసర్ దక్షిణామూర్తి గారు లెక్క కట్టారు. కంటికి కనబడనిదాన్ని చేత్తో పట్టుకోవాలనిపించి నన్ను చేయించుకున్నారు.

లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాకలో పుట్టాను. తిరుగుతున్న కర్రకు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి నా ఒంటికి పట్టింది. నా మొదటి జ్ఞాపకం ఆ వేడి. నన్ను చేసిన సన్యాసాచారి, తీసుకెళ్ళడానికి వచ్చిన దక్షిణామూర్తి గారి ముందు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇదేటి బాబూ, ఇందులోంచి ఏటి పోతాది?”

“కరెంటు.”

“చెక్కలోంచి కరెంటా! మా ఊళ్ళో తీగలోంచే సరిగ్గా రాదు బాబూ.”

దక్షిణామూర్తి గారు నవ్వారు. ఆయన అంత బిగ్గరగా నవ్వడం నేను మళ్ళీ వినలేదు.

విశాఖపట్నంలో, యూనివర్సిటీలో, ఆయన బల్ల మీద ఉండిపోయాను. మనుషులు చేతికి తగిలినదాన్ని తొందరగా నమ్ముతారు. గదికి వచ్చినవాళ్ళు నన్ను పట్టుకుని, అసలుదాన్నే పట్టుకున్నట్టు తలలాడించేవారు. ఎక్కడెక్కడి ప్రయోగశాలల్లోనో దాన్ని తయారుచెయ్యబోయారు. గొట్టం రాలేదు. “వాళ్ళకి చేతకాలేదు” అన్నారు ఆయన. ఆ మాట నాతోనే అన్నారు. గదిలో ఇంకెవరూ లేరు, ఇంట్లోనూ లేరు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, నన్ను ఎదురుగా పెట్టుకుని తినేవారు. ఎదుట ఎవరో ఒకరు ఉండాలనే ఆకలి ఎంత చిన్న వస్తువుతో తీరిపోతుందో చూసి నాకు జాలి వేసేది.

అప్పుడు పైడితల్లి వచ్చింది. బొబ్బిలి పిల్ల, ఆయన దగ్గర పరిశోధనకు చేరింది. ఆ గొట్టంతో ఒక అతి చిన్న స్విచ్చి కడితే ఎలా పనిచేస్తుందో కంప్యూటరులో లెక్క కట్టడం ఆమె థీసిస్. ముందుగా పరమాణువులను కాస్త కదిపి, తిరిగి తమ చోటికి వస్తాయో లేదో చూసింది.

ఒక ఉదయం గుమ్మంలో నిలబడింది.

“సార్, మన గొట్టం నిలబడట్లేదండి.”

“మళ్ళీ చెయ్యి.”

“చేశానండి. సౌష్ఠవం ఉంచితేనే నిలబడతంది. తీసేస్తే చదునైపోతంది సార్.”

సౌష్ఠవం అంటే ఆ లెక్కలో ఒక కట్టుబాటు. ఒక పరమాణువు ఎలా కదిలితే మిగతావీ అచ్చం అలాగే కదలాలి. ఏ ఒక్కటీ తనంతట తాను ఒరగకూడదు. పడిపోవాలని ఉన్నా పడనివ్వని కట్టు అది. ఆయన మొదట లెక్క కట్టిన రోజుల్లో కంప్యూటరు అన్నిటినీ విడివిడిగా మొయ్యలేదు గనక ఆయన అలా పెట్టారు. పెద్ద యంత్రాలు వచ్చాక తీసి చూడగలిగేవారే. చూడలేదు. మొదట యంత్రం చాలలేదు, తరవాత మనసు చాలలేదు.

“నాకు నేర్పుతున్నావా?”

“మీకు నేర్పడానికి నేనెంతటిదాన్నండి. పడిపోయేదాని మీద స్విచ్చి ఎలాగ కట్టీదండి? నా థీసిస్ మాటేటండి?”

ఆయన కిటికీ వైపు తిరిగారు. ఆమె వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఆయన క్యారేజీ విప్పడం మానేశారు. ఒక సాయంత్రం నన్ను రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కారు. గట్టిగా, పళ్ళు బిగించి నొక్కారు. నేను వంగలేదు. నా తీగలు అలాంటివి. ఆ క్షణంలో నేను నలిగి ఉంటే ఆయనకు ఎంత తేలికయ్యేదో! ఒక మనిషి దుఃఖానికి లొంగలేకపోవడం కంటే పెద్ద ఒంటరితనాన్ని నేనింకా చూడలేదు.

మర్నాడు పైడితల్లిని పిలిచారు.

“కూర్చో అమ్మా. కంప్యూటరులో గొట్టం ఫైలు తియ్యి.”

ఆమె తీసింది. “మీరు నమ్మట్లేదా సార్?”

“నీ లెక్కలో తప్పు లేదు. నాకు తెలుసు.”

“మరెందుకండీ మళ్ళీ?”

ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

“పడిపోయేటప్పుడు ఎవరో ఒకరు దగ్గరుండాలి కదమ్మా.”

ఆమె లేచి, తన కుర్చీని ఆయన కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చుంది. ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. ప్రోగ్రాములో సౌష్ఠవాన్ని కాపాడే ఒక్క పంక్తి చివరికి వెళ్ళి, చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరమే చెరిపేసి, లెక్కను నడవనిచ్చారు.