అరికాలి పరీక్ష

మేస్త్రి ఎడమకాలి చెప్పు మాత్రం విడిచి, క్లచ్ పెడల్ మీద పాదం మోపాడు. ఆ కార్ల షెడ్డులో మొదటినుంచీ ఇదే పద్ధతి.

"ఒక్క చెప్పే తీశావు బావా. ఎవరికి మూడిందో," అన్నాడు పక్క కారు కింద పడుకున్న బావమరిది.

"నీకే. బయటికి రా, చెప్తా."

బండి తెచ్చిన టాక్సీ డ్రైవరు నవ్వలేదు. నెలలు నిండిన భార్యను మర్నాడు కొండదారిలో అవతలి ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి బరువుగా లాగుతోంది.

పెడల్ మెల్లగా వదులుతుంటే, ప్లేటు పట్టుకునే చోట సన్నని వణుకు అరికాలికి తగులుతుంది. సగంలో తగిలితే ప్లేటు గట్టిది. పైకంటా వచ్చాక తగిలితే అరిగినట్టే. హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరులో క్లచ్ వదిలి, ఇంజను ఆగుతుందో లేదో చూసేవాళ్ళున్నారు. అది కాళ్ళు లేనివాళ్ళ పరీక్ష అని మేస్త్రి ఎగతాళి చేసేవాడు.

కారు కదిలింది. ఎక్కడ పట్టుకుందో కాలు చెప్పలేదు. అయినా అలవాటైన మాట నోటినుంచి వచ్చేసింది.

"సగంలోనే పట్టింది. దిగులు పడకు, తీసుకెళ్ళు."

మేస్త్రి దిగాక బావమరిది పెడల్ తుడిచి, గుడ్డ చూపించాడు. ఎర్రగా ఉంది. మేస్త్రి అరికాల్లో ఇనుప ముక్క దిగి ఉంది.

"నొప్పి లేదా బావా?"

"లేదు."

ఆ మాట అన్నాకే అతనికి భయం వేసింది. షుగరు వచ్చినప్పటినుంచి రోజూ పడుకోబోయే ముందు భార్య అతని పాదాలు ఎందుకు తిప్పి చూస్తోందో ఇప్పుడు తెలిసింది. డ్రైవరు అప్పటికే కారు గేటుదాకా తీసుకుపోయాడు. మేస్త్రి ఒంటిచెప్పుతోనే పరుగెత్తి అడ్డం నిలబడ్డాడు.

బావమరిదిని కూర్చోబెట్టి, "హ్యాండ్‌బ్రేకు లాగు. మూడో గేరు వెయ్యి. ఇక వదులు," అన్నాడు.

ఆగిపోవలసిన ఇంజను ఆగలేదు. కమురువాసన వచ్చింది.

"ఇప్పుడేగా బాగుందన్నారు?" అన్నాడు డ్రైవరు.

"అన్నాను నాయనా. తప్పు నాదే. సాయంత్రానికి వీడు కొత్త ప్లేటు వేస్తాడు. అందాకా ఇంటికెళ్ళి ఆ అమ్మాయి దగ్గరుండు."

కాలికి కట్టు కట్టించుకుని మేస్త్రి బల్లపక్కన కూర్చున్నాడు. గేర్‌బాక్సు దిగుతుంటే చూస్తూ, ఇంతమందిని క్షేమంగా ఇళ్ళకు చేర్చమని ఇచ్చిన తెలివిని చెప్పకుండా తీసుకోవడం న్యాయమా స్వామీ అని లోలోపల అడిగాడు. గుడ్డమీది ఎరుపు కంటబడింది. చెప్పాడేమో, తనే వినలేదేమో.

సాయంత్రం డ్రైవరు దండం పెట్టి కారు తీసుకెళ్ళాడు. మేస్త్రి మోచేతులదాకా సబ్బు రాసి కడుక్కున్నాడు.

"రేపటినుంచి బండ్లు నువ్వే చూడు."

"నువ్వు కుర్చీలో కూర్చుని చెబుదువుగాని బావా."

"కూర్చుంటే ఈ కాలు ఊరుకోదురా. ఇంట్లో మీ అక్క ఎన్నాళ్ళు భరిస్తుందో చూద్దాం."

బావమరిది నవ్వబోయి, నవ్వలేక తల దించుకున్నాడు. తలెత్తేసరికి మేస్త్రి గేటు దాటి రోడ్డెక్కాడు. బల్లమీద పాత క్లచ్ ప్లేటు ఉంది, అరిగి రివెట్ల తలలు పైకి తేలి, కాలిన వాసన ఇంకా వదలకుండా.