లబ్ధిదారు ఫోటో

ఉచితంగా ఏదైనా ఇస్తామని ఎవరైనా వస్తే ఇబ్రహీంపట్నంలో ముందుగా గుర్తొచ్చేది కుట్టుమిషనే. ఇచ్చేవాళ్లకూ అదే తోస్తుంది, పుచ్చుకునేవాళ్లూ కాదనరు. వజ్రమ్మ నడిపే మహిళా సంఘంలో ఇంటికొకటి ఉంది. కొన్నింటి మీద టీవీలు కూర్చున్నాయి, కొన్నింటి మీద మడతపెట్టని బట్టలు. అందుకే స్నేహదీప్తి సేవా క్లబ్బు తరఫున పరమేశ్వర్ వచ్చి, "ఈ ఏడు మా ఫౌండేషన్ గ్రాంటు మీ వాడకే అక్కా, ఏం కావాల్నో చెప్పుండ్రి" అనగానే, మిగతావాళ్లు నోరు తెరిచేలోగా వజ్రమ్మే చెప్పేసింది.

"పీనుగను పెట్టే ఫ్రీజర్ డబ్బా కావాలె తమ్మీ."

బోరు మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకుని, చొక్కాకు క్లబ్బు బిళ్ల తగిలించుకుని తిరిగే పరమేశ్వర్ రాసుకుందామని తీసిన పెన్నును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పక్కనే ఉన్న సంఘం సభ్యురాలు స్వరాజ్యం చెవులు మూసుకుంది. "గదేం కోరిక వజ్రమ్మా, పొద్దుగాల పొద్దుగాల!"

కోరిక కాదది, కడుపుకోత. కిందటేడు మే నెలలో వజ్రమ్మ భర్త రాంచంద్ర టమాట తోటలోనే కుప్పకూలిపోయాడు. ఒక్కగానొక్క బిడ్డ మౌనిక కాపురం సూరత్‌లో. ఆమె రైలెక్కింది గానీ, అంత దూరం నుంచి రావద్దూ! కిరాయికిచ్చే ఫ్రీజర్ డబ్బా ఆ రోజే మహేశ్వరంలో ఇంకో చావుకు వెళ్లింది. వజ్రమ్మ ఐసు గడ్డలు తెప్పించింది, అవి ఆ ఎండకు నీళ్లయిపోయాయి. మళ్లీ తెప్పించింది. చివరికి పెద్దమనుషులు ఇక ఆపొద్దని శవాన్ని ఎత్తించారు. మరునాడు మౌనిక బస్సు దిగేసరికి చూడ్డానికి బూడిదే మిగిలింది.

"నా కోసం ఎందుకు ఆపలే?" అని తల్లిని ఒక్క మాట అడిగింది. వజ్రమ్మకు జవాబు చెప్పడానికి నోరు పెగల్లేదు. దినాలకు వచ్చిన చుట్టాలందరి దగ్గరా మౌనిక అదే చెప్పుకుంది, మా అమ్మ ఆపలే అని. సూరత్‌కు వెళ్లిపోయాక ఫోన్ చేసినా పిల్లలకు ఇచ్చేసేది. ఏడాదిగా ఆ పిల్ల నోట "అమ్మా" అన్న పిలుపు లేదు. వజ్రమ్మకు కావలసింది నిజానికి ఆ పిలుపే. అది అడిగి తెచ్చుకునేది కాదు కాబట్టి డబ్బా అడిగింది.

పరమేశ్వర్ మంచివాడు. నవ్విపోదురు గాక అనుకుని పనిలోకి దిగాడు. ఫౌండేషన్ అంటే తాళం తీసి పైసలు పంచే ఖజానా కాదు. క్లబ్బు సభ్యులు ఏటా తలా కొంత వేస్తారు, ఎక్కువ వేసినవాళ్లకు కోటు మీద పెట్టుకునే ప్రత్యేకమైన బిళ్ల ఇస్తారు. ఆ బిళ్ల కనబడాలని ఎండాకాలంలో కూడా కోటు విప్పని మహానుభావులున్నారు. ఆ సొమ్మంతా పైకి పోతుంది. దాన్ని మళ్లీ కిందికి దించాలంటే ఇక్కడ కొంత పోగుచేసి చూపించాలి, అప్పుడు పైవాళ్లు అంతకు అంత కలుపుతారు. పరమేశ్వర్ ఫంక్షన్ హాల్లో దోసెల విందు పెట్టి టికెట్లు అమ్మాడు. ఫ్రీజర్ కోసం అని చెబితే బడి పిల్లల ఐస్‌క్రీము కోసమేమో అనుకుని ఒక వ్యాపారి గంపెడు టికెట్లు కొన్నాడు. సంగతి తెలిశాక పైసలు వాపసు అడగలేదు గానీ, "జర నా పేరు మాత్రం దాని మీద రాయించకు" అని చేతులు జోడించాడు. బెంచీ ఇచ్చినా పేరు కోసం కొట్టుకునే క్లబ్బులో, పేరు వద్దని అందరూ బతిమాలింది ఆ ఒక్కసారే.

ఇంతా చేస్తే దరఖాస్తు పైనుంచి తిరిగొచ్చింది. లబ్ధిదారు పేరు, ఫోటో, అభిప్రాయం జతచేసి నెలాఖరులోగా పంపాలట. లేకపోతే గ్రాంటు ఇంకో ఊరికి.

క్లబ్బు అధ్యక్షుడు దయాకర్ దాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు. "లబ్ధిదారు అంటే అండ్ల పండుకునేటోడే గద పరమేశా. ఫోటో అంటే ఎట్లనో దిగొచ్చు. అభిప్రాయం ఎవడు చెప్తడు?"

నవ్వినవాళ్లు నవ్వారు. పరమేశ్వర్‌కు మాత్రం నవ్వు రాలేదు. నేరుగా వజ్రమ్మ ఇంటికి వెళ్లి ఉన్నమాట చెప్పాడు. సంఘం ఆడవాళ్లు ఫోటో అనగానే ఎక్కడివాళ్లక్కడ జారుకున్నారు. ఆ డబ్బా పేరున ఫోటో దిగితే అది తమ ఇంటికే ముందు వస్తుందని వాళ్ల భయం.

"నన్ను దించుకో తమ్మీ, నాకేం భయం" అని వజ్రమ్మ కొంగు సర్దుకుంది. సర్దుకున్నది సర్దుకున్నట్టే ఆగిపోయింది. "కాదు. నేను ఆయన మొఖం కండ్లనిండ చూసిన. పోయినోనికి డబ్బాతోని ఏం పని? అక్కెర దూరంకెళ్లి వచ్చేటోళ్లకు. నా బిడ్డను అడుగుత."

అనడమైతే అన్నది గానీ, ఫోన్ చేసేసరికి మరునాడు పొద్దెక్కింది.

"పిల్లలు బడికి పోయిండ్రు" అంది మౌనిక, ఇంకేం మాట్లాడేది లేదన్నట్టు.

"నీతోనే పని బిడ్డా." వజ్రమ్మ అంతా చెప్పింది.

"బాపు పోయినంక తెస్తున్నవా డబ్బా?" అని మౌనిక ఫోన్ పెట్టేసింది.

వజ్రమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? ఆ మాట వజ్రమ్మ తనను తాను ఎన్నిసార్లు అనుకోలేదు! గ్రాంటు పోతే పోయింది, మానుతున్న పుండును కెలికానే అని కుమిలిపోయింది.

నెలాఖరు దగ్గరపడ్డాక పరమేశ్వర్ బండి వాకిట్లో ఆగింది. దిగుతూనే ఫోన్ చూపించాడు. గోడకు ఆనుకుని నిలబడిన మౌనిక ఫోటో, కింద నాలుగు మాటలు. క్లబ్బు నంబరు వెతికి పట్టుకుని తనే పంపిందట.

"చదువుత అక్కా, ఇను. 'నేను సూరత్ నుంచి వచ్చేసరికే మా బాపును కాలబెట్టిండ్రు. ఎండకు మా అమ్మ ఆపలేకపోయింది. డబ్బా ఉంటే ఆపేది. ఇంకో బిడ్డకు ఇట్ల కావొద్దు.'"

"మల్ల చదువు."

చదివాడు.

"ఆపలే అని ఉన్నదా, ఆపలేకపోయింది అని ఉన్నదా? మంచిగ చూడు తమ్మీ."

"ఆపలేకపోయింది అనే ఉన్నదక్కా."

వజ్రమ్మ గడపలోనే కూలబడి, భర్త పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఇష్టం లేక ఆపకపోవడం వేరు, చేతకాక ఆపలేకపోవడం వేరు. ఆ తేడా చెప్పుకోవడానికే కదా ఏడాదిగా ఆమెకు నోరు రానిది. బిడ్డ తనంతట తనే తెలుసుకుంది.

గ్రాంటు వచ్చింది, వానలు మొదలయ్యాక డబ్బా కూడా వచ్చింది. సంఘం భవనంలో కుర్చీలు వేశారు గానీ రిబ్బను కత్తిరించడానికి ఒక్కరూ ముందుకు రారే! దయాకర్‌కు ఉన్నట్టుండి ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ బయటికి నడిచాడు. అప్పుడు సూరత్ నుంచి ఆ పొద్దునే దిగిన మౌనిక లేచి వెళ్లి, రిబ్బనును చేత్తోనే లాగేసి ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. డబ్బా గుయ్యిమంది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియక చూస్తూ కూర్చున్నారు.

మౌనిక డబ్బా మూత అద్దం మీద అరచేయి ఆనించి, అది చల్లబడేదాకా అలాగే నిలబడింది. వజ్రమ్మ పక్కకొచ్చి నిలుచుంది, బిడ్డను ముట్టుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

"అమ్మా" అంది మౌనిక, అద్దం మీంచి చూపు తిప్పకుండానే. "నువ్వు పోయిననాడు, నేను వచ్చేదాక ఆగుతవా?"

"ఆగుత బిడ్డా" అంది వజ్రమ్మ. "బండి లేటైనా ఫికర్ చెయ్యకు."