ఫ్యూజు వంతు

అనంతసాగరం దగ్గర ఒక పల్లెలో నీళ్లకు వంతులున్నట్టే, ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఫ్యూజు వేయడానికీ వంతులుండేవి. లైన్‌మన్ వచ్చేదాకా ఎండిపోయే నారు ఆగుతుందా! ఆ రోజు వంతు ఓబులయ్యది. పోయిన వంతులో ఎక్కిన రమణయ్య చెయ్యి కాలి, ఇంకా నెల్లూరు ఆసుపత్రిలోనే ఉన్నాడు.

పొద్దున కరెంటు రాగానే ఫ్యూజు పోయింది. ఓబులయ్య నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. భార్య దేవకమ్మ వెంటపడింది.

"ట్రాన్స్‌ఫార్మరు స్విచ్చి దించినావా?"

"దించినాలేవే. నీ పిరికితనం నాకు అంటించబాక."

"రమణయ్య బావ గూడా దించే ఎక్కినాడు. ఒక తీగకు కరెంటు తెగనే లేదు గదా."

ఓబులయ్య నిచ్చెన ఎక్కాడు. పైన అతని చెయ్యి తీగ దగ్గరికి పోయిన ప్రతిసారీ దేవకమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవాలన్నా భయమే.

అతను దిగాడు. స్విచ్చి ఎత్తాడు. చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా మూలిగాయి. ఢామ్మని ఫ్యూజు మళ్లీ పోయింది.

అప్పుడే సైకిలు దిగిన లైన్‌మన్ నారాయణయ్య, పక్కనే ఉన్న ఓబులయ్య మోటారు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు.

"ఏందిరా ఇది, పెనం మాదిరి కాలతా ఉండాది! ప్లేటు మీద మూడు హెచ్‌పీ అని ఉంది. లాగేది ఐదు గదా?"

"హెచ్‌పీ లెక్కన వేసే బిల్లు తగ్గుద్దని ఆత్మకూరు అంగడాయనే ప్లేటు మార్చిచ్చినాడన్నా. ఊరంతా అంతే గదా," అన్నాడు ఓబులయ్య, తెలివైన పని చేసినట్టు.

"లోపల నాసిరకం తీగ చుట్టినారు. కరెంటు నీళ్లకు పోకుండా వేడికి పోతా ఉండాది. అందరివీ ఇట్టాంటివే అయితే ఫ్యూజు నిలబడతాదా?"

దేవకమ్మ మోటారు వంక చూసింది. రమణయ్య చెయ్యి కాలిన రోజున, ఫ్యూజు పోయేముందు కూడా ఈ మోటారు తిరుగుతూనే ఉంది.

"ఇట్టాంటివి అమ్మగూడదని చెప్పేవోళ్లు లేరా అన్నా?"

"గట్టి చట్టం ఉంటే గదమ్మా! ఏ అంగడికి పోయి నేను ఆపేది?"

నారు వాడిపోతోంది. ఓబులయ్య మళ్లీ నిచ్చెన మీద చెయ్యి వేశాడు. దేవకమ్మ మొదటి మెట్టు మీద కూర్చుంది.

"నారు పోతే పోనీ. ఆ మోటారు ఊడదీసేదాకా నిన్ను ఎక్కనీను."

పక్క చేలో రాఘవమ్మ కూడా తన కొడుకును కేకేసి, తమ మోటారు ఆపించింది. రేపటి వంతు వాళ్లది.

చదివేవాళ్లారా, తక్కువ కరెంటుతో ఎక్కువ నీళ్లు తోడే మోటారునే తయారుచేయాలని, దానినే అమ్మాలని చట్టం రావాలి. తయారుచేసే చోట ఆపని తప్పు, స్తంభమెక్కినవాడి చేతుల్లో పేలుతుంది.