మేడ మీంచి కనిపించే పెరడు

"మా ఇంట్లో ఆడవాళ్ళకి చెయ్యి తడిసే పని లేదండి ప్లీడరుగారూ" అని ముత్యాలరాజు వీధి గదిలో అంటున్నప్పుడు, ఆయన భార్య సుభద్రాయమ్మ పెరట్లో మోచేతుల దాకా కొరమీను జిగటలో ఉంది. కొల్లేటి కొరమీను బూడిద పులిమితేగాని చేతికి లొంగదు. భర్త మాట గోడ దాటి వచ్చి చెవిలో పడేసరికి ఆమెకి నవ్వొచ్చింది. చేప కూడా అప్పటికే నోరు తెరిచి ఉంది గనక, ఇద్దరూ కలిసి నవ్వుకున్నట్టయింది.

ధాన్యం ధర పడిపోయి, పెంటపాడు పొలం సగం చెయ్యి దాటాక, ఏలూరులో ఆ ఇంటి పనివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఘోషా మాత్రం వెళ్ళలేదు. రాజుల ఇంటి కోడలు వీధి గుమ్మం దాటకూడదు, పరాయి మగాడి కంట పడకూడదు, గొంతయినా వినపడకూడదు. పెరటి చుట్టూ మనిషిన్నర ఎత్తు గోడ ఉంది. "ఆ గోడ ఉండగా మనకేం లోటే? లోపల నువ్వేం చేస్తే ఎవడు చూడొచ్చాడు?" అనేవాడు ముత్యాలరాజు, ధైర్యం చెబుతున్నట్టు. నీళ్ళు తోడినా, పిడకలు చరిచినా, గంగాళాలు తోమినా చూసేది కాకులే. కాకులు ప్లీడర్లతో మాట్లాడవు. కనక పరువు నిలిచింది. నడుమే నిలవడం లేదు, కానీ దాని సంగతి ఎవరూ అడగలేదు.

ఆ ఏడే తివాచీల వ్యాపారం చేసే అబ్దుల్ మజీద్ సాహెబు మూడంతస్తుల మేడ కట్టి, పైన డాబా మీద పూలతోట వేయించాడు. కింద బోర్డు కూడా పెట్టించాడు: ప్రవేశం ఉచితం, పూలు కోయరాదు, శుక్రవారం సాయంత్రం నాలుగింటిదాకా ఆడవారికి మాత్రమే. ఆ రోజు నాలుగు దాటాకా, తక్కిన రోజులన్నీ మగవాళ్ళవే. అక్కణ్ణించి చూస్తే ఊరంతా అరచేతిలో ఉన్నట్టుంటుందని చెప్పుకునేవాళ్ళు. ముత్యాలరాజు ప్లీడరుగారితో కలిసి రోజూ వెళ్ళేవాడు. "ఏవండీ, నేనూ ఒక శుక్రవారం వెళ్ళిరానా?" అని అడిగింది సుభద్రాయమ్మ. "అక్కడేముందే? కుండీల్లో బంతిమొక్కలు" అన్నాడు. ఇంకోసారి అడిగితే మెట్లు నిటారుగా ఉన్నాయన్నాడు. మరోసారి గాలి ఎక్కువన్నాడు. ఒక్క పనికి ఇన్ని కారణాలు వెతకగల ఓపిక ఆయనలో ఉందని పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెకి తెలియదు.

ఒక శుక్రవారం ఆయన పొలం పని మీద పొద్దున్న రైలుకే తాడేపల్లిగూడెం వెళ్ళాడు. మధ్యాహ్నానికి ప్లీడరుగారి భార్య నాగరత్నం కబురు పంపింది, తోటకి కలిసి వెళదామని. అత్తగారు వెంకటనరసమ్మ కాసేపు ఆలోచించి, "పెద్దవాళ్ళు పిలిస్తే వెళ్ళకపోతే మనకేదో తక్కువైందనుకుంటారు. పైగా ఊరికేనట గదా. వెళ్ళిరా అమ్మాయ్, అంట్లు వచ్చాక తోముకుందువుగాని" అంది. తెరలు కట్టిన బండిలో ఆ మేడ దాకా వెళ్ళడానికి, నడిచి వెళ్ళేదానికంటే ఎక్కువసేపే పట్టింది.

శుక్రవారాల్లో ఆడవాళ్ళని పైకి తీసుకెళ్ళే పని గాజులమ్మే మరియంబీది. ఘోషా ఇళ్ళన్నిటిలోకీ భుజాన గాజుల మలారం వేసుకుని వెళ్ళే మనిషి, సుభద్రాయమ్మ చేతులకి గాజులు ఎక్కించేది ఆవిడే. "ఇంకొక్క మెట్టమ్మగారూ, అంతే, అంతే" అంటూ అన్ని మెట్లూ ఎక్కించింది.

పైకొచ్చి ముసుగు వెనక్కి తోసుకుంది సుభద్రాయమ్మ. అంత ఆకాశం ఒక్కసారే మీద పడేసరికి తల తిరిగింది. కింద ఎర్రటి పెంకులు, తాటాకు కప్పులు, మసీదు మినార్లు, పొగ వదులుతున్న మిల్లు గొట్టం, కాలవలో తెరచాప ఎత్తిన పడవ. దక్షిణాన, ఆకాశం అంచున, ఎవరో వెండి జరీ పరిచినట్టు కొల్లేరు. ఈ ఊరికి కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, ఈ ఊరిని చూడటం ఇవాళే. చిన్నపిల్లలా కిసుక్కున నవ్వింది. నాగరత్నం ఆమె చీర అంచు పట్టుకుని చూస్తూ, "ఏం పట్టండీ సుభద్రమ్మగారూ! ఈ మిరపపండు రంగు ఎంత దూరాన్నించయినా తెలుస్తుంది. ఆ వడ్డాణం మీ పుట్టింటివారిదేనా?" అని అడిగింది. అవునంది సుభద్రాయమ్మ. ఆ క్షణాన తను ముత్యాలరాజుగారి భార్యనని ఆమెకే నమ్మకం కలిగింది.

"రండి, మా ఆయనా మీ ఆయనా కూచునే చోటు చూపిస్తాను" అని నాగరత్నం పడమటి పిట్టగోడ దగ్గర బల్ల దాకా లాక్కెళ్ళింది. "అదిగో, కిందికి చూడండి. మీ ఇల్లే!"

చూసింది. నుయ్యి, నూతి పక్క తోముడు బండ, దాని మీద పొద్దుటి అంట్లు, బోర్లించిన గంగాళం మసి, తీగ మీద ఆరేసిన తన పాత చీర, ఆ చీరకి చిరుగు. మనిషిన్నర ఎత్తు గోడ ఇక్కణ్ణించి వాకిట్లో గీసిన ముగ్గుగీత కంటే ఎత్తుగా లేదు.

"ఏదండీ మీ సలోమి? ఇవాళ రాలేదా, అంట్లన్నీ అలాగే పడున్నాయి" అంది నాగరత్నం. "మా ఇంట్లో రోజూ ఆవిడ భజనేననుకోండి. 'రాజుగారి పనిమనిషిని చూడవే, పొద్దు గుంకేదాకా వంచిన నడుం ఎత్తదు, నువ్వూ ఉన్నావు' అంటారీయన. ఒళ్ళు మండి, అసలెవరండీ ఆ మహాతల్లి అన్నాను. మీ ఆయన్నే అడిగారట. 'మా సలోమేనండీ, ఎప్పట్నించో మా ఇంట్లో పడుంది' అన్నారట."

సలోమి ఆ ఇంట్లో పని మానేసి జనపనార మిల్లులో చేరి రెండేళ్ళు దాటింది. సుభద్రాయమ్మ నోరు తెరిచింది. కాదండీ, అది నేనేనండీ అనడానికే తెరిచింది. తీరా బయటికొచ్చిన మాట, "అవునండి" అని. అక్కడితోనైనా ఆగిందా? "మంచిదే గాని కాస్త మందం. పక్కన నిలబడి చెబితే తప్ప చెయ్యదు" అని కూడా అంది. "అబ్బే, అలా అనకండి! గంగాళం అలా అద్దంలా తోమేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? పండక్కి మా ఇంటికోసారి పంపుదురూ" అంది నాగరత్నం. "ఆయన్నడగాలండి" అంది సుభద్రాయమ్మ. పక్కన మరియంబీ వంగి బంతిమొక్కకి లేని ఎండుటాకులు తుంచుతోంది.

సుభద్రాయమ్మకి చెవులు కాలిపోయాయి. ఊళ్ళో మగవాళ్ళంతా రోజూ సాయంత్రం ఊరికే చూసిపోతున్న వింతల్లో మిల్లు గొట్టం తర్వాత తన నడుమొకటన్నమాట. మొహం కనపడకూడదని తెరలూ ముసుగులూ కట్టి, మనిషినంతా ఆరుబయట పరిచారు. నెల కిందట "పెరట్లోకి మంచి చీరెందుకే, ఆ పాతదే కట్టుకో, కొంగు మొహం మీదికి లాక్కో" అన్నాడు ఆయన. చీర పాడవుతుందని ఎంత శ్రద్ధ అనుకుని ఆ పూట ఇంకో కూర ఎక్కువ వండింది. ఇప్పుడా కూర గుర్తొచ్చి సిగ్గేసింది. అన్నిటికంటే పెద్ద సిగ్గు మరొకటి. గంగాళం అద్దంలా తోముతుందని నాగరత్నం అన్నప్పుడు లోపలెక్కడో ఒళ్ళు పులకరించింది. కాపురానికొచ్చాక తన పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు ఇంకొకరి పేరు మీద వచ్చినా, ఆకలిగొన్నదానిలా అందుకుంది. అందుకుంటూనే ఆ మనిషిని మందం అంది. ఆయన తనని ఒక్క మాటతో పనిమనిషిని చేశాడు. తను రెండో మాట కలిపి, పనిమనిషి మీద పెత్తనం చేసే అమ్మగారిగా నిలబడింది.

దిగేటప్పుడు నాగరత్నం ముందు వెళ్ళిపోయాక, మరియంబీ మెట్టు మీద ఆగింది. "సలోమి మా వీధిలోనే ఉంటుందమ్మగారూ. మందం అన్నారని తెలిస్తే చీపురు పట్టుకునొస్తుంది."

"చెప్పకు మరియంబీ" అంది సుభద్రాయమ్మ, తలెత్తకుండా.

"నేనెందుకు చెబుతానండీ? అన్నదీ మీరే, పడిందీ మీరే. మధ్యలో దాన్ని లాగడమెందుకూ?" అని నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆపేసి, ఆమె చెయ్యి పట్టుకుని దింపింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. "అబ్బాయి మధ్యాహ్నం రైలుకే వచ్చేశాడమ్మాయ్. నువ్వేదీ అంటే ప్లీడరుగారింట్లో పేరంటం అన్నాను. కాళ్ళు కడుక్కుని ఇప్పుడే ఆ సాహెబు మేడ మీదికెళ్ళాడు. వేగిరం చీర మార్చుకుని అంట్ల సంగతి చూడు, పొద్దు వాలిపోతోంది."

సుభద్రాయమ్మ పెరట్లోకి వెళ్ళింది. తీగ మీద పాత చీర ఎండి పెళుసెక్కి ఉంది. చెయ్యి దాని మీద వేసింది. ఇది కట్టుకుంటే సలోమి. కట్టుకోకపోతే ఎవరో ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, తను చెప్పుకోనూ లేదు. ఇవాళ ఒకావిడ ఎదురుగా నిలబడి అడిగినట్టే అడిగితే, ఉన్న ఒక్క అవకాశాన్నీ 'మందం' అన్న మాటతో పారేసింది. మళ్ళీ మొహం కాలింది. ఈ సిగ్గు ఇవాళో రేపో పోయేది కాదని తెలుస్తూనే ఉంది. కానీ ఇంత సిగ్గు ఒక్క మనిషి మొయ్యవలసిందా?

తీగ మీంచి చెయ్యి తీసేసింది. మిరపపండు రంగు పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి, వడ్డాణం నడుం మీద సర్దుకుని, ముసుగు పూర్తిగా వెనక్కి తీసేసి, తోముడు బండ ముందు పీట వేసుకుని కూచుంది. కొబ్బరిపీచు బూడిదలో అద్దింది.

"అయ్యో, అయ్యో! పట్టుచీరతో మసిలోనా! మతి పోయిందా?" అని అత్తగారు గుమ్మంలోంచి గొంతు పెంచింది. "ముందు ఆ ముసుగేసుకో! ఎవరైనా చూస్తే?"

"చూడాలనే అత్తయ్యగారూ" అంది సుభద్రాయమ్మ.

గంగాళం ఒళ్ళోకి లాక్కుంది. పడమటి ఎండ వడ్డాణం మీద పడి తళుక్కుమంది. తలెత్తి సూటిగా మేడ కేసి చూసింది. అంత ఎత్తున మొహాలు తెలియవు, తెల్లటి ఉత్తరీయాలూ తలలూ తప్ప. పిట్టగోడ వెంట ఆ తలలు ఒక్కొక్కటే లేచి ఇటు వంగాయి. ఎవరో చెయ్యి చాపి ఇటు చూపిస్తున్నారు, పక్కనున్నాయన్ని ఏదో అడుగుతున్నారు. అందరూ ఆయన కేసే తిరిగారు. సుభద్రాయమ్మ చేతిలో కొబ్బరిపీచు ఆపకుండా చూస్తూనే ఉంది, అన్ని తలల్లోనూ ఆ ఒక్క తల మెల్లిగా పిట్టగోడ కిందికి దిగిపోయేదాకా.