ఆకుపచ్చ నిచ్చెనలో ఏడో మెట్టు

మా బావ బరువు మీద నేను కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు. మందిరంలో ఆయన బెంచీకి ఈ కొసన కూర్చుంటే ఆ కొసనున్న ముగ్గురు గాల్లోకి లేచారనీ, పాస్టరుగారు ప్రభువు రెండో రాకడ వచ్చేసిందనుకుని ప్రసంగం ఆపేశారనీ చెప్పేవాణ్ణి. అందరికంటే ముందు బావే పగలబడి నవ్వేవాడు.

అందుకే నిచ్చెన మెట్టు విరిగి ఆయన కాలు అవిటిదైనప్పుడు వడ్రంగిని ఎవరూ నిలదీయలేదు. "నా బరువుకి పాపం మెట్టేం చేస్తుంది!" అని బావే తేల్చేశాడు. నేనూ నవ్వాను. ఆ వడ్రంగిని నేనే.

ఆ నిచ్చెనకి మూడో మెట్టూ, ఏడో మెట్టూ పగిలిన కర్రతో వేశాను. వేరే కర్ర కోయడానికి బద్ధకం. పగుళ్లలో రంపప్పొట్టూ జిగురూ కలిపి కూరి, పైన ఆకుపచ్చ రంగు కొట్టాను. విరిగింది మూడోది. దాని చోట కొత్తది వేసిందీ నేనే. అప్పుడే ఏడోదీ మార్చేవాణ్ణి. "బాగున్నదాన్ని ఎందుకు పీకుతావురా?" అని అక్క అడిగితే ఏం చెప్పను? చెయ్యి రాలేదు.

రోజూ మోకరించి, "తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు ప్రభువా" అనేవాణ్ణి. ఆ మూటలోకే నిచ్చెననీ తోసేసేవాణ్ణి. అయినా ఎక్కడ నిచ్చెన కనబడ్డా నా కళ్లు ఏడో మెట్టు మీదికే పోయేవి.

ఒక శనివారం పొద్దున వాళ్లింటి ముందునుంచి పోతూ చూద్దును కదా, గోడకి రంగు వేయడానికి అక్క ఆ నిచ్చెనే ఎక్కుతోంది. కింద బావ, చంకలో చేతికర్ర, రెండు చేతులా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. నాలుగో మెట్టు. ఐదు. ఆరు.

"అక్కా, దిగు! ఏడోది పగిలింది!"

"ఏడిశావ్, నున్నగా ఉంటేనూ!"

"నున్నగా చేసింది నేనే!"

అక్క దిగింది. పొట్టు, జిగురు, రంగు, మూడో మెట్టు, అన్నీ కక్కేశాను. అక్క నా చెంప ఛెళ్లుమనిపించి లోపలికి పోయింది.

బావ నవ్వలేదు.

"ఇన్నాళ్లూ నా ఒంటిని నేనే తిట్టుకున్నానురా. రాత్రి తిండి మానేశాను."

"తప్పయింది బావా. క్షమించు."

"సామాను తెచ్చుకో. నా ఎదుటే మార్చు."

మార్చాను. ఉలి రెండుసార్లు జారి వేలు తెగింది. పాత మెట్టు మోకాలికేసి కొడితే విరిగి, పొట్టు రాలింది. బావ దాన్ని అరచేతిలోకి తీసుకుని చూసి, ఉఫ్‌మని ఊదేశాడు. చేతికర్ర నాకిచ్చాడు.

"నిచ్చెన పట్టుకో."

"వద్దు బావా, నీ కాలు..."

"క్షమించానని నోటితో అంటే నువ్వు నమ్ముతావట్రా, కోతలరాయుడా? పట్టుకో."

మంచికాలు పైన వేసి, రెండోది ఈడ్చుకుంటూ ఎక్కాడు. ఆరో మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. నేను పట్టు మార్చుకుంటే నిచ్చెన కదిలింది.

"కదపకురా."

ఏడో మెట్టు కిర్రుమంది. నేను కళ్లు మూసుకున్నాను.

"ఒరే, ఆ బెంచీ కథ చెప్పు," అన్నాడు పైనుంచి.

కళ్లు తెరిచి చూస్తే, బావ ఏడో మెట్టు మీదే నిలబడి ఉన్నాడు.