గోనెసంచిలో చెప్పులు

గేటు దగ్గర చెప్పులు కనపడకూడదు. పైవాటా అద్దెకిచ్చేటప్పుడు రామ్మోహనరావు గారు పెట్టిన షరతు అదొక్కటే. ఆదివారం ఎంతమందైనా రావచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, మెల్లగా పాడుకోవచ్చు. చెప్పులు మాత్రం కనపడకూడదు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. గండి ఎక్కడ పడుతుందో ముందే ఊహించుకుని దిగులుపడే అలవాటు ఉద్యోగంతో పాటు పోలేదు.

"మనుషులు లోపలుంటే ఎవరికీ తెలీదమ్మా. బయటున్న చెప్పులే చాడీలు చెబుతాయి," అన్నారు. "మా కాలనీ సెక్రటరీ వెంకటరామయ్య గారున్నారే, ఆయన దృష్టెప్పుడూ ఇతరుల గుమ్మాల మీదే. ఆయన దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చిందా, నెలాఖరుకి మీరు ఖాళీ చెయ్యాలి. తర్వాత నన్నేమీ అనుకోకూడదు."

తలూపాం. ఊపక ఏం చేస్తాం? అది మాకు మూడో ఇల్లు. మొదటి ఇంటాయన కొడుకు పెళ్ళి పెట్టుకున్నాం, ఇల్లు కావాలన్నాడు. ఆ పెళ్ళికొడుకు ఏడో తరగతి చదువుతున్నాడు. రెండో ఆయన కారణాలు కూడా వెతకలేదు, ఆదివారం పొద్దున కరెంటు తీసేసేవాడు. ఇది కూడా పోతే మా సంఘం చెదిరిపోతుంది. తమిళులు తమిళ చర్చి వెతుక్కుంటూ సికింద్రాబాదు పోతారు. కూలిపని చేసుకునే సత్తెమ్మలాంటి వాళ్ళు ఎక్కడికీ పోలేరు.

మా ఆయన ఆశీర్వాదం పాస్టరు. మాదాపూరు బండల మధ్య అద్దాల మేడలు లేస్తున్నాయి, దేశం నలుమూలల నుంచీ జనం దిగుతున్నారు, అక్కడొక సంఘం మొదలుపెట్టమని పట్నంలోని పెద్ద చర్చి వాళ్ళు ఈయన్ని పంపారు. భాషకొక సంఘం పెడితే సులువని అందరూ చెప్పారు. ఈయన వినలేదు. "ఇక్కడే వాటాలేసుకుంటే పరలోకంలో గోడలు కట్టించుకోవాలి," అనేవారు. గోడలు కట్టే మేస్త్రీలు కూడా మన సంఘంలోనే ఉన్నారు లెండి అని నేను మనసులో అనుకునేదాన్ని.

అలా మా హాల్లో ఒకే చాప మీద చేరారు. తిరునెల్వేలి నుంచి వచ్చి కంప్యూటరు కంపెనీలో చేస్తున్న జెబరాజ్. అమెరికా డాక్టర్లు టేపులో చెప్పింది విని టైపు కొట్టే మిజోరం పిల్ల జోరామి. పాలమూరు నుంచి వలసొచ్చి, జెబరాజ్ కూర్చునే ఆఫీసుకే ఇసుక మోసిన సత్తెమ్మ, ఆమె వెంట వచ్చే ఆడవాళ్ళు. మా ఆయన ఇంగ్లీషులో ప్రసంగం చేస్తే నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పేదాన్ని. ఆయన పది వాక్యాలు చెబితే నేను నాలుగింటిలో తేల్చేసేదాన్ని. సత్తెమ్మ ఇంటికెళ్ళి వండుకోవాలి కదా.

చెప్పుల దగ్గరే మొదటి తగువు. జోరామి వాళ్ళ ఊళ్ళో చర్చికి బూట్లు తుడుచుకుని దర్జాగా వేసుకునే వెళ్తారట. మొదటి వారం అలాగే చాప మీదికొచ్చింది. సత్తెమ్మ ఆ బూట్ల వంక ఒక చూపు చూసింది. ఆ చూపుకి అనువాదం అక్కర్లేకపోయింది. మరుసటి వారం నుంచీ జోరామి మేజోళ్ళతో కూర్చుంది. అలా లోపలికి చెప్పులు రాకూడదు, గేటు దగ్గర ఉండకూడదు. మధ్యేమార్గంగా నేనొక గోనెసంచి పెట్టాను. వచ్చినవాళ్ళ చెప్పులన్నీ అందులో వేసి మెట్ల కింద దాచేదాన్ని.

ఆ శ్రావణ ఆదివారం జెబరాజ్ తన ఆఫీసు వాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. వాన. బురద చెప్పులు కుక్కేసరికి పాత గోనె కాస్తా అడుగున చిరిగింది. పైన కీర్తన మొదలైపోయింది. చేతిలో చెప్పులతో చుట్టూ చూశాను. ఎదురుగా రామ్మోహనరావు గారుండే కిందివాటా గుమ్మం. ముగ్గు, మామిడాకుల తోరణం. మెట్ల మీద ఒక్క చెప్పు లేదు.

గేటు దగ్గర పెట్టొద్దన్నారు కానీ వాళ్ళ గుమ్మంలో పెట్టొద్దని ఎవరూ అనలేదు. శుభ్రంగా తుడిచి, జతలు జతలుగా, వాళ్ళ మెట్ల మీద పేర్చేసి పైకెళ్ళిపోయాను.

ప్రసంగం సగంలో ఉండగా కిటికీలోంచి నల్ల గొడుగు కనపడింది. గేటు కిర్రుమంది. నా తెలుగు ఆగిపోయింది. మా ఆయన నా వంక చూసి, నాకు అర్థం కాలేదేమోనని అదే వాక్యం మళ్ళీ చెప్పారు.

కింద వెంకటరామయ్య గారి గొంతు. "ఇన్ని చెప్పులేమిటండీ రామ్మోహనరావు గారూ?"

రామ్మోహనరావు గారి గొంతు వినపడలేదు. ఆయన భార్య భ్రమరాంబ గారిది వినపడింది. "పేరంటమండీ."

"ఆదివారం పేరంటమా?"

"శ్రావణమాసంలో వారాలేమిటండీ? అన్నీ మంచివే."

గొడుగు వెళ్ళిపోయింది. నేను తప్పిపోయిన రెండు వాక్యాలూ కలిపి ఒకటిగా చెప్పేశాను.

ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, భ్రమరాంబ గారు మా గుమ్మంలో ఉన్నారు. మోకాళ్ళ నొప్పులు; మేమొచ్చాక ఒక్కసారీ మెట్లెక్కని మనిషి. ప్రసంగం ఆగిపోయింది.

"సుగుణా, ఇలా రా," అన్నారు రొప్పుతూ. "ఆ సెక్రటరీ తిన్నగా ఇంటికెళ్ళి, నిన్ను పేరంటానికి పిలవలేదేమని పెళ్ళాన్ని అడిగినట్టున్నాడు. సరోజమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి నా హాల్లో కూర్చుంది. పేరంటాళ్ళేరీ అంటోంది. పెరట్లో ఉన్నారని చెప్పొచ్చాను. నాకిప్పుడు అర్జంటుగా పేరంటాళ్ళు కావాలి."

మా ఆడవాళ్ళ వంక చూశారు. ఒక్క నుదుటి మీదా బొట్టు లేదు. ఆవిడ కొంగు చాటు నుంచి కుంకుమ భరిణె తీశారు. "చిన్నది పెట్టుకోండమ్మా. ఒక్క పావుగంట. తర్వాత కడిగేసుకోండి. ఇల్లు నిలబడుతుంది."

జోరామి నా మోచెయ్యి లాగి ఏం జరుగుతోందని గుసగుసగా అడిగింది. కింద విందుంది, మన నుదుళ్ళు చూసి ఇల్లు ఖాళీ చేయిస్తారు అని ఇంగ్లీషులో చెప్పాను. ఆ పిల్ల తన నుదురు తడుముకుంది.

అందరి చూపులూ మా ఆయన మీద. ఆయన చూపు నేలమీద. మూడు ఇళ్ళు వెతికిన మనిషి. కాదనడానికి నోరు రావడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

సత్తెమ్మ లేచింది. "అయ్యగారూ, నేనొక్క మాట అడుగుత. గీ బొట్టు తీసేసిన్నని మా అత్త ఎల్లమ్మ నన్ను ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టింది. వానల నా సామాన్లు బయటేసింది. గప్పుడు ఇల్లు పోయినా మంచిదే అనుకున్న. గిప్పుడు ఇల్లు నిలవాల్నంటే మల్ల పెట్టుకోవాల్నా? గట్లయితే మా అత్తనే మంచిగుండె గదా!"

దాన్ని ఇంగ్లీషులో చెప్పమని జెబరాజ్ అడగలేదు. అతనికి అర్థమైపోయింది.

మా ఆయన తలెత్తారు. "నేను కిందికెళ్ళి ఉన్నమాట చెప్పేస్తాను."

"చెప్పండి," అన్నారు భ్రమరాంబ గారు చురుగ్గా. "మీరు సత్యవంతులవుతారు. నేను ఈ వీధంతటికీ అబద్ధాలకోరునవుతాను. మీకోసమే కదా ఆడాను ఆ అబద్ధం? సరే కానివ్వండి."

 కింద కుర్చీ జరిగిన చప్పుడు. సరోజమ్మ గారు లేచినట్టున్నారు.

"పిన్నిగారూ," అన్నాను, "మీరిప్పుడు మమ్మల్ని నిజంగా పిలుస్తున్నారా?"

"లేకపోతే సరదాకెక్కానా ఈ మెట్లు?"

"అయితే అది పేరంటమే. ఇందాక అన్నప్పుడు అబద్ధం, పిలిచారు కాబట్టి ఇప్పుడు నిజం. మేం వస్తాం. బొట్టు మాత్రం పెట్టుకోం. ఎవరమని అడిగితే దాచం. దానికి ఒప్పుకుంటే పదండి."

ఆవిడ భరిణె మూత తీసి, మూసి, మళ్ళీ తీశారు. "శనగలు తింటారా, అదీ కుదరదా?"

"దేవుడి ముందు పెట్టినవాండీ?"

"కాదు, శుక్రవారం ఎక్కువై మిగిలినవి. ఫ్రిజ్‌లో పెట్టాను."

"తింటాం."

మా ఆయన నాకు మాత్రమే వినపడేలా అన్నారు, "సుగుణా, ఇల్లు పోతుంది."

"పోతే నాలుగోది వెతుకుదాం. మీరు కీర్తన ఎత్తుకోండి. మగవాళ్ళంతా చడీచప్పుడు లేకుండా కూర్చుంటే దాక్కున్నట్టుంటుంది."

దిగాం. సత్తెమ్మ, ఆమె వెంట ఆడవాళ్ళు, నా చెయ్యి వదలని జోరామి. రామ్మోహనరావు గారు పేపరు అడ్డం పెట్టుకుని మూల కుర్చీలో ఉన్నారు. సరోజమ్మ గారి చూపు మా పాదాల దగ్గర బయల్దేరి, సత్తెమ్మ పగిలిన మడమల మీద కాసేపు ఆగి, మెల్లగా పైకొచ్చి నుదుళ్ళ దగ్గర నిలిచిపోయింది.  

భ్రమరాంబ గారు ముందు సరోజమ్మ గారికి బొట్టు పెట్టారు. తర్వాత, అలవాటు కొద్దీ, కుంకుమ అద్దిన వేలు నా ముఖం దాకా వచ్చేసింది. ఆవిడా నేనూ ఒకేసారి గుర్తు తెచ్చుకున్నాం. వేలు గాల్లో ఆగింది.

"మేం పెట్టుకోమండీ," అన్నాను.  "మేం క్రైస్తవులం. పైన ఆరాధనకి వచ్చినవాళ్ళం. పిన్నిగారు తాంబూలానికి పిలిస్తే దిగొచ్చాం."

పైన కీర్తన గట్టిగానే ఎత్తుకున్నారు. జెబరాజ్ తెలుగు పాటని తమిళంలో పాడుతున్నాడు. మూల కుర్చీలో పేపరు ఇంకాస్త పైకి లేచింది.

"ఇదా భ్రమరాంబా నీ పేరంటం?" అన్నారు సరోజమ్మ గారు.

భ్రమరాంబ గారు తన వేలి వంక చూసుకున్నారు. ఆ కుంకుమ నెమ్మదిగా తన సూత్రాలకే అద్దుకున్నారు. తర్వాత ఆకూ వక్కా అరటిపండూ శనగలూ నా చేతిలో పెట్టారు. సత్తెమ్మ దగ్గరికెళ్ళారు. సత్తెమ్మ చెయ్యి చాచలేదు. ఇలాంటి ఇళ్ళలో దోసిట్లోకి పైనుంచి జారవిడిస్తే అందుకోవడమే ఆవిడకి అలవాటు. భ్రమరాంబ గారు ఆ చెయ్యి పట్టుకుని అందులో పెట్టారు.

"ఇదే వదినా నా పేరంటం. పిలిస్తే వచ్చారు. నువ్వు పిలవకపోయినా వచ్చావు. అందరికీ శనగలు ఒక్కటే."

"మా ఆయనకి చెప్పమంటావా, వద్దా?"

"చెప్పు. చల్లారకముందే చెప్పు."

సరోజమ్మ గారు శనగలు అక్కడే పెట్టేసి, తల ఎత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. గేటు కిర్రుమంది.

పేపరు కిందికి దిగింది. "గండి పడింది," అన్నారు రామ్మోహనరావు గారు. "రేపు ఫిర్యాదొస్తుంది. చూడమ్మా సుగుణా, ముందే చెప్పాను, షరతు షరతే. నెలాఖరుకి..."

"ఎవరి మీదొస్తుంది ఫిర్యాదు?" అన్నారు భ్రమరాంబ గారు. "పేరంటం పెట్టింది నేను. చెప్పులు నా గుమ్మంలో ఉన్నాయి. మాటన్నది నేను. ఖాళీ చేయిస్తే నన్ను చేయించండి. మా తమ్ముడింటికి పోతాను. కాఫీ మీరే కలుపుకోండి."

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఏ ప్రాజెక్టు గురించీ అంతసేపు ఆలోచించి ఉండరు. చివరికి పేపరు మడిచారు. "నేను రమ్మన్నానా పొమ్మన్నానా? ఫిర్యాదొస్తే చూద్దాం."

భ్రమరాంబ గారు నా వైపు తిరిగారు. "వచ్చే వారం నుంచీ చెప్పులు గేటు దగ్గరే విడవండి. గోనెలో కుక్కితే దొంగసొత్తులా ఉంటుంది. ఇంకో సంగతి, నా మెట్ల మీద పేర్చిందెవరో నాకు తెలీదనుకోకు. అంత వరసగా మగవాళ్ళెవరూ పెట్టరు."

శనగలు నములుతూ ఉండిపోయాను. నోరు నిండుగా ఉంటే జవాబు చెప్పక్కర్లేదు.

ఆరాధన ముగిసి అందరూ దిగుతుంటే మెట్ల దగ్గర సత్తెమ్మ ఒక్కతే నిలబడిపోయింది. ఆవిడ నీలం హవాయి చెప్పులు లేవు. ఆ చోట పూసలు కుట్టిన ఎత్తు మడమల చెప్పులు మిగిలున్నాయి. కోపంలో సరోజమ్మ గారు కిందికి చూసుకోలేదు.

"పరేషాన్ కాకు సత్తెమ్మా," అన్నాను. "మార్చుకోడానికి ఆవిడే మళ్ళీ వస్తారు."

సత్తెమ్మ పూసల చెప్పుల్లో కాళ్ళు పెట్టి, పడిపోకుండా నా భుజం పట్టుకుని, రెండడుగులు వేసి చూసుకుంది.

"రానియ్యుండ్రి. గని తొందరేం లేదని చెప్పుండ్రి అమ్మగారూ," అంది.