రెండో గిన్నెలోది

దేశానికి తెలిసినదంతా తూచడం ఈ ఏడాది మొదలైంది. జనం తమకు తెలిసినదాన్ని నోట్లోంచి ఇత్తడి గిన్నెలోకి వంపి, మూత పెట్టి తెస్తారు. తూచాక మళ్ళీ తాగి ఇంటికి పోతారు. త్రాసు దగ్గర సువర్చల కూర్చుంటుంది. గణితం ఇసుకలా ఉంటుంది. ఈత వచ్చినవాళ్ళ గిన్నె ఎండలో పెట్టినా ఆరదు.

"ఒకే సంగతి రెండుసార్లు తూచొద్దమ్మా, నలుగురిలో పరువు పోతుంది" అంటారు పై అధికారి గోపాలం గారు.

ఒక సంగతి ఇద్దరికి తెలిసినా దేశానికి తెలిసింది ఒక్కసారే. రెండో గిన్నెలోది కిటికీలోంచి పారబోయాలి. కిటికీ కింద పిచ్చుకలు త్రికోణమితి తిని మత్తుగా పడుకుని ఉన్నాయి.

వరుసలో ఇప్పుడు అక్క హైమవతి వంతు.

"అక్కనని కాస్త మొగ్గు వేసి తూయవే."

"నా ఉద్యోగం ఊడుతుంది. ఏం తెచ్చావు?"

"అమ్మని."

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. సువర్చల మూత తీస్తుంది. లోపల కూనిరాగం, కొబ్బరినూనె వాసన, జడ వేసేటప్పుడు కదిలితే పడే మొట్టికాయ. తన గిన్నెలోనూ ఇవే ఉన్నాయి. నిన్ననే తూచి తాగేసింది.

"ఇది నా దగ్గర ఉంది కదక్కా."

"నీకుంటే నాకు ఉండకూడదా?"

"ఉండొచ్చు. లెక్కలోకి రాదు."

"రాకపోతే మానె. ఇంటికి పట్టుకెళ్తాను, ఇలా ఇయ్యి."

ఇచ్చేయవచ్చు. అక్క చేతిలో పెట్టి తర్వాతి మనిషిని పిలవవచ్చు. గోపాలం గారి చూపు మెడ మీద చల్లగా ఆనుతోంది. సువర్చల గిన్నెను కిటికీలోంచి వంపేస్తుంది.

అమ్మతోపాటు అందులో ఉన్న చెల్లెలూ ఒలికిపోతుంది.

హైమవతి ఖాళీ గిన్నె అందుకుంటుంది. "మీ చేతులు మా ఇంట్లోవాళ్ళ చేతుల్లా ఉన్నాయండీ" అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోతుంది.

"చూశావా, ముల్లు కదల్లేదు" అంటారు గోపాలం గారు. "దేశానికి ఏ నష్టమూ లేదు."

అప్పుడు త్రాసు వెనక గదిలోంచి అమ్మ వస్తుంది. ఎడమ సగమే ఉంది. చిన్నప్పుడు సువర్చల ఎప్పుడూ అమ్మకు ఎడమ పక్కనే కూర్చునేది. కుడి పక్క అక్కది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తుంది.

"రావే, జడ వేస్తాను" అంటుంది అమ్మ, సగం నోటితో. "ఆ రెండో చెయ్యి ఎక్కడ పెట్టానో."

సువర్చల కిటికీలోంచి తొంగి చూస్తుంది. పిచ్చుకలు లేచి, అమ్మ కూనిరాగం తీస్తూ ఎగిరిపోతున్నాయి.

ఆమె వచ్చి అమ్మ ముందు కూర్చుని, తన కుడి చేతిని వెనక్కి చాపి అరువిస్తుంది. ఆ రెండు చేతులూ ఒకదాన్నొకటి ఎరగనట్టే అల్లుతాయి. జడ పొడుగవుతూ గుమ్మం దాటి, మెట్లు దిగి, వీధిలోకి పాకుతుంది. అక్కడ హైమవతి దాన్ని చూసి ఆగుతుంది. చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తిపట్టుకుని, తొక్కకుండా దాటుతుంది.

అవతలి కొసన పిచ్చుకలు జడను పాయ పాయగా విప్పుతున్నాయి.